పన్నెండో వీపు

కుందుర్పి దారిలోని ఎండకు ఒళ్లు కాలకుండా పూసుకునే లేపనం చేసే కంపెనీ, ఇకమీదట ఏ పొట్టేలు వీపునూ దాని సమ్మతి లేకుండా గొరిగి మందు పూసి పరీక్షించబోమని ప్రకటించి, ఆ కాగితాన్ని గేటుకు అంటించింది. పొట్టేళ్లేవీ అభ్యంతరం చెప్పలేదు.

కంపెనీకి పొట్టేళ్లను ఇచ్చే గొర్రెల వ్యాపారి కుళ్లాయప్పకు మాత్రం కొత్త చిక్కొచ్చి పడింది. ముప్పై ఏండ్లుగా వెన్ను తడిమి బరువు చెప్పినవాడే గాని, గొర్రె అభిప్రాయం అడిగినవాడు కాడు. వానలు లేక మేత అడుగంటింది. కంపెనీ వద్దంటే మంద కసాయి పాలే. అయినా వ్యాపారి వ్యాపారే. అడిగేవాడుంటే లేని సరుకైనా చూపించాలి. సమ్మతీ ఒక సరుకే కదా అనుకున్నాడు.

కంపెనీ నియమించిన నీతి సంఘం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "సమ్మతిదేముంది సార్? మా తాతల కాలం నుంచి అడగతానే ఉండాం. జాతరలో పొట్టేలు నెత్తిన పసుపునీళ్లు పోస్తాం. ఒళ్లు విదిలించిందా, సరే అన్నట్లే."

సంఘం అధ్యక్షుడు గంగాధరప్ప కళ్లు చెమర్చాయి. "తరువాత అది మనసు మార్చుకుంటే?"

"యాడ మార్చుకుంటాది సార్! ఒకసారి విదిలించినాక మాట తప్పితే దేవునికే కోపం."

సంఘం ఆ మాటను నాలుగో నియమంగా ఏకగ్రీవంగా ఆమోదించింది.

పరీక్షకు పన్నెండు వీపులు కావాలి. మే నెల మిట్టమధ్యాహ్నం పన్నెండు పొట్టేళ్లను వరసగా నిలబెట్టారు. పదకొండు విదిలించాయి. కార్యదర్శి అరుణజ్యోతి గడియారం చూసి ఒక్కొక్కదాని సమయం రాసుకుంది. పన్నెండోది కుళ్లాయప్ప భార్య లక్ష్మీదేవి చేతి మేత తిని పెరిగింది. మూడు బిందెలు పోసినా రాయిలా నిలబడింది.

"ఏమప్పా, నా పరువు తీస్తాండావే! రవ్వంత విదిలించు," అని కుళ్లాయప్ప దాని చెవిలో బతిమాలాడు.

"నా దగ్గర పెరిగింది. నీ మాట యాడ వింటాది?" అంది లక్ష్మీదేవి.

గంగాధరప్ప లేచి ప్రసంగించాడు. "ఈ మూగజీవి 'కాదు' అన్నది. ఆ 'కాదు'ను గౌరవించడమే నాగరికత!" పొట్టేలుకు శాలువా కప్పారు. జీవితాంతం నీడ, ఫ్యాను, పచ్చిమేత మంజూరు చేశారు. కుళ్లాయప్పకు కుర్చీ కూడా వేయలేదు. అతని గురించి నియమావళిలో ఏమీ లేదు.

ఎండకు అతని కళ్లు బైర్లు కమ్మాయి. బిందెలో మిగిలిన నీళ్లు నెత్తిన కుమ్మరించుకుని, హా అంటూ ఒళ్లంతా విదిలించాడు.

అరుణజ్యోతి గడియారం చూసి పన్నెండో సమయం రాసుకుంది.

"సార్, నేను మనిషిని!"

"మనుషుల విషయంలో సంఘానికి ఎలాంటి అభ్యంతరమూ లేదు," అన్నాడు గంగాధరప్ప.

"నాకిష్టం లేదు సార్!"

"నాలుగో నియమం. దేవునికి కోపం వస్తుంది."

కుళ్లాయప్ప భార్య వైపు చూశాడు. "నువ్వే కదా చెప్తివి," అంది ఆమె, పొట్టేలు శాలువా సర్దుతూ.

లేపనం ఇప్పుడు అన్ని ఊళ్లలో దొరుకుతోంది. 'సంపూర్ణ సమ్మతితో పరీక్షించబడినది' అని డబ్బా మీద ఉంటుంది. కుళ్లాయప్ప నేటికీ బోర్లానే పడుకుంటాడు. అతని వీపు ఎలా ఉందో చెబితే మీ ఒళ్లు జలదరిస్తుంది.

జలదరించిందా? మంచిది. అరుణజ్యోతి సమయం రాసుకుంది.