చీటీ అంటించిన గది

బుధవారం ఉదయానికి టైలరమ్మ వేసుకున్న పథకం చాలా సాదాసీదాది. పదకొండింటికి చిన్న సంఘాల సాయనిధి ఆఫీసు నుంచి ఆఫీసరమ్మ వస్తుంది. గదిలో చెడిపోయినవి నాలుగూ కళ్లారా చూస్తుంది, ఫొటోలు తీసుకుంటుంది, టీ తాగి వెళ్లిపోతుంది. పన్నెండుకల్లా టైలరమ్మ తన దుకాణానికి చేరి స్కూలు చొక్కాలకు గుండీలు కుట్టుకుంటూ ఉంటుంది. ఆ వారంలో అంతకంటే సులువైన పని ఇంకొకటి లేదనే ఆమె అనుకుంది.

గది అంటే గ్రంథాలయం వెనక ఉన్న పాత గది. ప్రతి శనివారం అక్కడ బాగుచేత సంఘం కూర్చుంటుంది. సంఘంలో ఉన్నది నలుగురే: టైలరమ్మ, ఒక ప్లంబరు, అందరికీ మామయ్య అయిపోయిన ముసలి వడ్రంగి, రేడియోలు బాగుచేసి బాగుచేసి రిటైరైన టైలరమ్మ నాన్న. చుట్టుపక్కల వాళ్లు తెగిన సంచులు, కాలు విరిగిన స్టూళ్లు, మూగబోయిన రేడియోలు పట్టుకొస్తారు. వీళ్లు ఊరికే బాగుచేసి ఇస్తారు. వచ్చిన ప్రతి వస్తువు మీదా టైలరమ్మ ఒక చీటీ అంటిస్తుంది. దాని మీద రెండే ముక్కలు: వస్తువు పేరు, దాని జబ్బు. చీటీ కనబడితే పని పట్టాలి, పనయ్యాక చీటీ చింపెయ్యాలి. పదకొండేళ్లుగా ఆ సంఘానికి ఉన్న రాజ్యాంగమంతా అదే.

ఇప్పుడు గదికే జబ్బు చేసింది. నెలాఖరులోగా బాగుచేయించుకోకపోతే ఒకటో తారీఖు నుంచి అందులో పాత పేపర్ల కట్టలు పెట్టుకుంటామని గ్రంథాలయంవాళ్లు కబురు పెట్టారు. టైలరమ్మ దిగులు గది గురించి కాదు, నాన్న గురించి. అమ్మ పోయిన ఈ రెండేళ్లలో ఆయన మాట్లాడటం మానేశాడు. ఆదివారం నుంచి శుక్రవారం దాకా తల ఊపడమే. శనివారం మాత్రం ఆ గదిలో బల్ల ముందు కూర్చుని స్క్రూడ్రైవరు పట్టగానే, "ఈ తీగ అతికిన మహానుభావుడెవరు?" అని మొదలుపెట్టి సాయంత్రం దాకా ఆపడు. గది పోతే వారంలో ఉన్న ఆ ఒక్క రోజూ పోతుంది. ఆ మాట రాయడానికి దరఖాస్తులో గడి లేదు.

'అవసరం' అనే గడి ఉంది. అందులో టైలరమ్మ తనకు అలవాటైన పద్ధతిలోనే రాసింది. కుళాయి, కారుతుంది. బల్ల, ఊగుతుంది. తలుపు, పట్టేస్తుంది. ట్యూబ్‌లైటు, మిణుకుతుంది. ఆఫీసరమ్మ వెతుక్కునే పని లేకుండా మంగళవారం సాయంత్రం ఆ నాలుగింటి మీదా నాలుగు చీటీలు కూడా అంటించి, నిశ్చింతగా ఇంటికి వెళ్లి పడుకుంది.

బుధవారం తొమ్మిదిన్నరకు వచ్చి, ఎప్పటిలాగే భుజం ఆనించి తలుపును నెట్టింది. ఎప్పుడూ ఏడిపించే తలుపు ఆ రోజు వెన్నలా జరిగింది. ఆ ఊపుకు ఆమె గది నడిమధ్యకు దూసుకొచ్చి, పడబోయి, బల్ల పట్టుకుని నిలదొక్కుకుంది. బల్ల ఊగలేదు. ఆమె వెంటనే కుళాయికేసి చూసింది, అదీ కారడం లేదు.

గోడవార మూడు కుర్చీల్లో ముగ్గురూ తలలు దువ్వుకుని, ఉతికిన చొక్కాలు తొడుక్కుని, సంబంధం చూడటానికి వచ్చినవాళ్లలా కూర్చుని ఉన్నారు.

"చూశావా అమ్మాయ్, కొండలా నిలబడింది," అన్నాడు మామయ్య బల్లను చూపిస్తూ. "తలుపు కింద కూడా కాస్త చిత్రిక పట్టాను."

"ఎవరు చెయ్యమన్నారు మామయ్యా?"

"ఒకళ్లు చెప్పాలా? చీటీ ఉందిగా."

"అక్కా, కుళాయికి ఇత్తడి వాషరు వేశాను," అన్నాడు ప్లంబరు. "నా దగ్గరున్న వాటిలో అదే మేలైనది. నువ్వు పోయాక కూడా చుక్క కారదు."

"నేను ఎక్కడికి పోయాక?"

"మాటవరసకి అన్నాలే."

నాన్న ఏమీ అనలేదు. బుధవారం కదా. పైకి మాత్రం చూపించాడు. ట్యూబ్‌లైటు రెప్ప వేయకుండా వెలుగుతోంది. చెత్తబుట్టలో నాలుగు చీటీలు ముక్కలై పడి ఉన్నాయి.

టైలరమ్మ కూలబడి సంగతంతా చెప్పింది. ముగ్గురూ శ్రద్ధగా విన్నారు.

"అంటే, బాగున్నాయని తెలిస్తే డబ్బు ఇవ్వరా?" అన్నాడు ప్లంబరు.

"ఎందుకిస్తారు? చెడిపోయాయని సంతకం పెట్టి పంపాను. వచ్చి చూస్తే అన్నీ నవనవలాడుతుంటాయి. అబద్ధాలకోరు సంఘం అని రాసుకుపోతుంది. ఇక ఈ గదిలో పేపర్ల కట్టలే."

నాన్న తన అరచేతులకేసి చూసుకున్నాడు. అది చూసి టైలరమ్మ ముఖం తిప్పుకుంది.

"దీనికింత బెంగెందుకు?" అన్నాడు మామయ్య లేస్తూ. "టైముంది. చెడగొట్టేద్దాం. బాగుచేసే చేతులకి చెడగొట్టడం ఓ పనా?"

అదే పెద్ద పని అని కాసేపట్లో తేలింది. మామయ్య బల్లను తిరగేసి ఒక కాలు అర అంగుళం కోశాడు. నిలబెడితే దివ్యంగా ఊగింది. టైలరమ్మ ఊపిరి పీల్చుకుని ప్లంబరు వైపు తిరిగింది. మామయ్య ఆ ఊగే బల్లను ఒక నిమిషం చూశాడు. రెండో నిమిషం చూడలేకపోయాడు. ఎదురుకాలు కాస్త సరిచేశాడు. అది ఎక్కువైందని మూడోది కోశాడు, దానికి సరిపోవాలని నాలుగోది కోశాడు. టైలరమ్మ మళ్లీ ఇటు తిరిగేసరికి బల్ల మోకాళ్ల ఎత్తుకు దిగింది. ఎక్కడా రవ్వంత ఊగడం లేదు.

"మామయ్యా."

"చెయ్యి ఆగలేదే అమ్మాయ్," అన్నాడు ఆయన, దొంగతనం చేసి దొరికిపోయినవాడిలా.

ప్లంబరు పరిస్థితి అంతకంటే గొప్పగా లేదు. పావువంతు వదులు చేస్తే చెయ్యి దానంతటదే అరవంతు బిగిస్తోంది. "అక్కా, నువ్వు అటు తిరుగు. నువ్వు చూస్తుంటే సిగ్గుగా ఉంది," అన్నాడు. చివరకు కళ్లు మూసుకుని ఇత్తడి వాషరు తీసి జేబులో వేసుకుని, చెత్తబుట్టలోంచి పాత కుళ్లు వాషరు ఏరి తొడిగాడు. కుళాయి బొట్లుబొట్లుగా కారడం మొదలుపెట్టింది. వాడు ఆ శబ్దం వినపడనంత దూరం పోయి నిలబడ్డాడు.

"నాన్నా, లైటు..." అంది టైలరమ్మ. ఆయన అడ్డంగా తల ఊపాడు. ఆమె రెట్టించలేదు. తలుపు సంగతి మామయ్యే చూశాడు. బల్లకాళ్లు కోస్తే పడిన చెక్కముక్కల్లో ఒకటి ఏరి తలుపుకీ ద్వారబంధానికీ మధ్య పైన దిగేశాడు. అది అయిందో లేదో, ఆయన కళ్లు మళ్లీ ఉలి కోసం వెతకడం ఆమె కంటపడింది.

"ఇక చాలు. ఇక్కడ మేకు ముక్క ఉన్నా మీరు ఊరుకోరు," అని ముగ్గురి పనిముట్ల పెట్టెలూ ఈడ్చుకెళ్లి వరండాలో పెట్టి వచ్చింది. ఆ ఉదయం ఆమె చేసిన తెలివైన పని అదొక్కటేనని ఆమె నమ్మకం.

ఆఫీసరమ్మ పావుగంట ముందే వచ్చింది. చిన్న వయసు. చంకలో ఫైలు, భుజానికి పెద్ద సంచి. సంచి జిప్పు పాడై నోరు తెరుచుకుని ఉంటే పిన్నీసు పెట్టింది. కూర్చోమంటే కూర్చుని, ఫైలు బల్ల మీద పెట్టబోయి వెతుక్కుంది. బల్ల ఆమె మోకాళ్ల దగ్గర దొరికింది.

"పిల్లలు కూడా వస్తారా ఇక్కడికి?" అంది.

"అప్పుడప్పుడూ," అన్నాడు మామయ్య కిటికీకేసి చూస్తూ.

"సరే, ఒక్కొక్కటే చూద్దాం. తలుపు పట్టేస్తుందని రాశారు."

"చాలా ఘోరంగా పట్టేస్తుందండీ," అంది టైలరమ్మ. నమ్మకం కుదిరేలా భుజం పెట్టి గట్టిగా నెట్టి మూసింది. తలుపు దభాలున పడింది. చెక్కముక్క మొదలంటా దిగబడింది. ఆ అదురుకు గోడ కదిలి, కుళ్లు వాషరు ప్రాణం విడిచింది. కుళాయి తల ఎగిరిపోయి, నీళ్లు కప్పు దాకా లేచి, తిన్నగా దరఖాస్తు ఫైలు మీద దిగాయి.

టైలరమ్మ తలుపు లాగింది. ప్లంబరు లాగాడు. ఇద్దరూ కలిసి లాగారు. చేతికి గడియ ఊడి వచ్చింది.

"గ్రంథాలయంలో ఎవరినైనా కేకేద్దాం," అంది ఆఫీసరమ్మ కుర్చీ ఎక్కి.

"బుధవారం సెలవండీ."

"అయితే ఫోన్ చేసి ఒక వడ్రంగిని పిలవండి."

"నేనేనమ్మా," అన్నాడు మామయ్య.

"పోనీ ప్లంబరుని?"

ప్లంబరు చెయ్యి ఎత్తాడు.

ఆఫీసరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మరి ఎందుకండీ నిలబడ్డారు?"

"పెట్టెలు అక్క బయట పెట్టేసింది," అన్నాడు ప్లంబరు. టైలరమ్మకు నేల చీలి అందులో దిగిపోవాలనిపించింది. ఒకటో తారీఖూ, పేపర్ల కట్టలూ, వాటి పక్కన నోరు మూసుకుని కూర్చున్న నాన్నా కళ్ల ముందు కదిలారు.

అప్పుడు గోడవార కుర్చీలోంచి గొంతు వినబడింది. "ఏంట్రా అలా గుడ్లప్పగించి చూస్తారు? ఈ గదిలో పనిముట్లు లేవని ఎవడు చెప్పాడు?"

టైలరమ్మ గిర్రున తిరిగింది. నాన్న లేచి నడుముకున్న బెల్టు విప్పుతున్నాడు. "ఇదిగో, దీన్ని కుళాయి మెడకి చుట్టి తిప్పు, పానాలాగా పట్టుకుంటుంది. ఆ ఇత్తడిది జేబులోనే ఉందిగా. అమ్మా, నువ్వు ఆ కుర్చీ దిగి, నీ బొటనవేలు ఇక్కడ పెట్టి నొక్కు. వాడు చెప్పేదాకా తియ్యకు."

సాయనిధి ఆఫీసరమ్మ మారుమాట లేకుండా దిగి, చీర కుచ్చిళ్లు దోపుకుని, బొటనవేలు పెట్టి నొక్కింది. నీళ్లు సన్నటి పాయలై ఆమె ముఖం మీదే పడుతున్నాయి. నాన్న ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని రెండో చెయ్యి కూతురి వైపు చాచాడు. "కత్తెర."

టైలరమ్మ చెయ్యి చేతిసంచి మీదే ఆగింది. ఆ కత్తెరతో ఇరవై ఏళ్లుగా ఆమె గుడ్డ తప్ప కాగితం ముక్క కూడా కత్తిరించలేదు, కత్తిరించనివ్వలేదు. చేతిసంచిలోంచి తీసి ఇచ్చింది. మామయ్య దాన్ని రెండు చేతులా అందుకుని, "మెల్లిగానే చేస్తాలే," అన్నాడు. కుర్చీ ఎక్కి, మొనతో చెక్కముక్కను కదిలిస్తుంటే కింద నాన్న కుర్చీ పట్టుకుని మాట్లాడుతూనే ఉన్నాడు.

"మా ఆవిడ ఒకసారి స్నానాలగదిలో ఇలాగే ఇరుక్కుంది. నేను బయట పెద్ద పెట్టెంతా ముందేసుకుని ఏ పనిముట్టయితే బాగుంటుందా అని ఆలోచిస్తున్నాను. ఈలోగా ఆవిడ తలలోంచి పిన్ను తీసి, తలుపు తెరుచుకుని బయటికొచ్చి, 'దేనికి ఆలోచిస్తున్నారు?' అంది."

ఆఫీసరమ్మ నవ్వింది. నవ్వితే బొటనవేలు జారింది, నీళ్లు అందరి మీదా సమానంగా పడ్డాయి. టైలరమ్మ కూడా నవ్వబోయి, నాన్నకేసి చూసి ఆగిపోయింది. అమ్మ గురించి ఆయన నోట ఒక మాట విని రెండేళ్లయింది.

ముందు కుళాయి ఆగింది. కాసేపటికి చెక్కముక్క ఊడి బల్ల మీద పడింది. బల్ల చలించలేదు. తలుపు తెరుచుకోగానే టైలరమ్మ చేతులు కట్టుకుని తలుపు ముందు నిలబడి, చీటీల దగ్గర్నుంచి చెక్కముక్క దాకా ఉన్నదున్నట్టు చెప్పేసింది. "తప్పు నాది. వీళ్లకి చెడగొట్టడం చేతకాదు, మీరే చూశారు," అని ముగించింది.

ఆఫీసరమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, తడిసిన ఫైలులోంచి ఒక కాగితం జాగ్రత్తగా విడదీసింది. "గది మరమ్మతులకి మేం అసలు డబ్బివ్వమండీ. అది గది ఇచ్చినవాళ్ల బాధ్యత. ఆ మాట చెప్పి, దరఖాస్తు చెల్లదని చెప్పిపోదామనే వచ్చాను."

"చెల్లదా?"

"సంఘం ఏం చేస్తుందో చూసి పనిముట్లకి, సామాన్లకి ఇస్తాం. మీరేమో చెడిపోయినవే రాశారు. పదకొండేళ్లలో బాగుచేసినది ఒక్కటీ రాయలేదు. పొద్దున మీరు వచ్చేసరికి ఉన్న గదిని చూపించి ఉంటే ఐదు నిమిషాల్లో సంతకం పెట్టి పోయేదాన్ని." కాగితం తిరగేసింది. "సాయం అందుకున్న సంఘాన్ని రెండేళ్ల దాకా గది ఖాళీ చెయ్యమనకూడదని కూడా ఇక్కడే ఉంది. వెనకవైపు చదవలేదా?"

టైలరమ్మ వెనకవైపు చదవలేదు. ఆమె చీటీలకు వెనకవైపు ఏమీ ఉండదు.

కొత్త దరఖాస్తు అక్కడే, మోకాళ్ల ఎత్తు బల్ల ముందు నేల మీద కూర్చుని రాశారు. బాగుచేసిన వస్తువుల పేర్లు ముగ్గురూ ఒకరి మీద ఒకరు పడి చెబుతుంటే ఆఫీసరమ్మ రాసే చెయ్యి అందుకోలేకపోయింది. వెళ్లేటప్పుడు సంచి తీసుకోబోతే అది పెట్టిన చోట లేదు. నాన్న ఒళ్లో ఉంది. జిప్పు కొస నుంచి కొసకు జారించి చూపించాడు. పిన్నీసు ఆమె చేతిలో పెట్టాడు.

"చీటీ లేకుండా పట్టావేంటి బావా?" అన్నాడు మామయ్య.

"కనబడుతోందిగా," అన్నాడు నాన్న.

ఇంటికి నడుస్తూ దారి పొడవునా ఆయన, ప్లంబరు బెల్టు పట్టుకున్న తీరు సరిగా లేదని చెబుతూనే ఉన్నాడు. టైలరమ్మ ఊఁ కొడుతూ నడిచింది. సందు మలుపులో ఆయన ఆగి, "దుకాణానికి వెళ్లవా? గుండీలు ఉన్నాయన్నావుగా," అన్నాడు. ఆమె లేవంది. ఆ రోజు బుధవారమే అన్న సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

మూడు వారాలకు మంజూరు ఉత్తరం వచ్చింది. దాన్ని తెచ్చిన ఆఫీసు వ్యాను లోంచి తిరగని ఫ్యాన్లు రెండు, ఆగిన గోడ గడియారం ఒకటి, చేయి ఊడిన ఆఫీసరు కుర్చీ ఒకటి కూడా దిగాయి. ప్రతిదానికీ చీటీ అంటించి ఉంది. టైలరమ్మ ఈసారి ఉత్తరం రెండు వైపులా చదివింది. వాటి ప్రస్తావన ఏ నియమం కిందా లేదు.