మబ్బు లేని పిడుగు

ఆ రోజు పొద్దున ఆకాశం తోమి బోర్లించిన పళ్ళెంలా ఉంది. ఉదయగిరి కొండ నెత్తిన చిన్న మబ్బు తునక కూడా లేదు. మామూలు రోజుల్లో అయితే మెట్ట రైతుగా బాధపడేవాణ్ణి. ఆ రోజు అబద్ధాలకోరుగా బాధపడ్డాను.

నాకొక పిడుగు కావాలి.

పెద్దది అక్కర్లేదు. మనుషులకీ గొడ్లకీ దెబ్బ తగలకుండా, నా రేడియో సెట్టు ఒక్కటే కాలిపోయిందని మా ఆవిడ ఆనందమ్మ నమ్మేంత పిడుగు చాలు. వారం నుంచి వాకిట్లో నిలబడి పైకి చూస్తున్నాను. ఆకాశం నన్ను చూసి సిగ్గుపడినట్టు రోజురోజుకీ ఇంకా తెల్లబడుతోంది.

ఇదంతా ఎందుకొచ్చిందో చెప్తాను, వినండి.

హ్యామ్ రేడియో అని ఒక సరదా ఉంది. పాటలు వినే రేడియో కాదు. పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని, సొంతంగా సెట్టు కట్టుకుని, మిద్దె మీద వెదురుగడకు ఏరియల్ కట్టి, ఇంకో ఊళ్ళో అలాంటి పిచ్చే ఉన్నవాడితో గాలిలో మాట్లాడుకోవడం. ఆత్మకూరులో సైన్సు చెప్పే డేవిడ్‌రాజు మాస్టరు మాకు నేర్పాడు. మాకు అంటే ముగ్గురికి. నేను ఒకణ్ణి. సోమశిల నీళ్ళలో ఊరు మునిగాక కొత్త కాలనీకి చేరి చేపలు పట్టుకునే సైమన్ ఇంకొకడు. ఉదయగిరి బస్టాండు ముందు రేడియో రిపేరు కొట్టు పెట్టిన పెంచలనరసయ్య మూడోవాడు. అతను బాగుచేసిన ప్రతి రేడియో గరగరమంటుంది కాబట్టి ఊరంతా అతన్ని గరగర నరసయ్య అంటారు. అతనికి తెలుసు. తెలిసి కూడా రిపేర్లు మానలేదు.

రోజూ పొద్దున ఆరింటికి ముగ్గురం గాలిలో కలిసేవాళ్ళం.

"సైమనా, ఉండావా? ఓవర్."

"ఉండానన్నా. ఓవర్."

"నరసయ్యా?"

"ఉండాను. ఓవర్."

తర్వాత చాలాసేపు ఎవరమూ మాట్లాడేవాళ్ళం కాదు. ముగ్గురం ఒకే అరుగు మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నట్టు ఉండేది. మధ్యలో ఎవరో ఒకరు, "వానేమన్నా?" అనేవాళ్ళు. "లేదు." "ఈడా లేదు." అంతే. దాంతో నాకు రోజంతటికీ సరిపడా మాటలు అయిపోయేవి.

"ఏమయ్యా," అనేది ఆనందమ్మ, "ఇంత గడ నాటి, ఇంత కరెంటు గాల్చి, వాన లేదని జెప్పుకునేదానికా? గడప దాటి పైకి జూస్తే తెలవదా?"

"నీకు అర్థం గాదులే. అది శాస్త్రం."

"అవునవును. లేని వానకి ఉన్న శాస్త్రం."

ఇట్లా హాయిగా జరిగిపోతుండగా, తొంభై ఏడు వేసవి సెలవుల్లో మాస్టరుకు పని లేకపోయింది. పని లేని మాస్టరు ఊరికే ఉండడు కదా. ఆత్మకూరులో క్లాసులు పెట్టాడు. ఒక గంపెడు మందిని పాసు చేయించి గాలిలోకి వదిలాడు.

మొదట వాళ్ళు అణిగిమణిగే ఉన్నారు. "పెద్దాయనా, మేము కొత్తోళ్ళం, లోపలికి రావచ్చునా?" అని అడిగారు. గాలికి తలుపేముంది, రమ్మన్నాను. నేను చేసిన తప్పు అదే.

జలదంకి నుంచి నరసింహ అనే కుర్ర ఉద్యోగి వచ్చాడు. అతని నోట్లో పళ్ళకు బదులు చక్రాలున్నాయి. అతను అందరికీ కలిపి ఒక నమస్కారం పెట్టి ఊరుకోడు. ఒక్కొక్కరికీ పేరుపేరునా పెడతాడు. ఆ ఒక్కొక్కరూ మర్యాద కొద్దీ తిరిగి పెడతారు. పెట్టని వాళ్ళకు మళ్ళీ పెడతాడు. తర్వాత ఆత్మకూరులో నర్సుగా పనిచేసే సుధారాణి వచ్చింది. ఆమె అందరి ఆరోగ్యం అడుగుతుంది. అడిగితే మనవాళ్ళు ఊరుకుంటారా? ఒకాయన తన అరుగుదల గురించి చెప్పడానికి మూడు రోజులు తీసుకున్నాడు. ఆ తర్వాత ఆ పూట కూరలు. నిమ్మకాయల ధర. ఎవరిదో తప్పిపోయిన గేదెపడ్డ గుర్తులు. ఆదివారమైతే ఒక కీర్తన, రెండో చరణం మరిచిపోతే మొదటి చరణమే మళ్ళీ.

ఇదంతా ఓర్చుకునేవాణ్ణే. నరసింహ ఒక పద్ధతి పెట్టాడు. "పెద్దలు చివర్లో మాట్లాడి ఆశీర్వదించాల," అన్నాడు. అందరూ ఆమేన్ అన్నారు. అప్పటిదాకా మొదటి వంతు నాది. ఇప్పుడు అందరి తర్వాత.

మా ఊళ్ళో రోజూ ఎనిమిదింటికి కరెంటు పోతుంది.

మైకు చేత్తో పట్టుకుని కూర్చునేవాణ్ణి. మోకాలు దానంతట అదే ఊగేది. కొట్టంలో గొడ్లు అరిచేవి. కాఫీ చల్లారి మీగడ కట్టేది. లేస్తే వంతు పోతుందేమోనని లేవలేను, కూర్చుంటే పొలం పోతుంది. ఎట్టకేలకు నరసింహ, "ఇప్పుడు మన పెద్దాయన," అనేవాడు. నేను గొంతు సవరించుకునేవాణ్ణి. కరెంటు పోయేది. నెలల తరబడి నా గొంతు సవరించుకోవడం తప్ప నా మాట ఎవరూ వినలేదు. బయట నేను పెద్దగా మాట్లాడే మనిషిని కాదు. నాకున్న కాస్త చోటూ అదే.

ఆనందమ్మకు మాత్రం పండగ. వంటింట్లోకి వినబడాలని సౌండు పెంచేది. "నరసింహ వాళ్ళమ్మకి మోకాళ్ళు నొప్పులంట, పాపం," అనేది. "సుధారాణి ఈ పొద్దు చింతచిగురు పప్పు జేసిందంట."

"నాకెందుకే అదంతా?"

"మీ మాదిరి లేని వాన గురించి గాకుండా, ఉన్న పప్పు గురించి మాట్లాడతా ఉండారు. అది మేలు గదా?"

ఇట్లా కాదని ముగ్గురం నరసయ్య కొట్టు వెనక కూడి మంతనం చేశాం. మా సెట్లలో బిళ్ళ అని ఒకటుంటుంది. ఏ బిళ్ళ పెడితే గాలిలో ఆ చోటే మాట్లాడగలం. చోటు మార్చాలంటే బిళ్ళ మార్చాలి. కొత్త బిళ్ళలు మూడు నరసయ్య తెచ్చాడు. ముగ్గురం ఎవరికీ చెప్పకుండా అక్కడికి పోవాలి. పాత చోట కనబడకపోవడానికి సైమన్‌కు చేపలు సాకు, నరసయ్యకు గిరాకీ సాకు. నాకు ఏ సాకూ లేదు కాబట్టి పిడుగు.

ఆకాశం మీద ఆశ వదులుకుని, ఆ పొద్దున ఉన్నపళంగా చెప్పేశాను.

"ఏమే, సెట్టు పోయినాది. పిడుగు బడింది."

ఆనందమ్మ వాకిట్లోకి వచ్చి పైకి చూసింది. నన్ను చూసింది. మళ్ళీ పైకి చూసింది.

"ఎప్పుడు?"

"రాత్రి."

"నాకు వినబళ్ళేదే."

"ఈడ గాదు. దుత్తలూరులో పడింది. ఆణ్ణించి తీగెంబడే వచ్చింది."

"వైర్‌లెస్సు గదయ్యా అది. తీగేడిది?"

నేను సంతాపంగా సెట్టు ఎత్తుకుని గడ్డి కొట్టంలోకి పోయాను. "చెడిపోయింది ఇంట్లో ఎందుకు, అడ్డం," అన్నాను. ఆనందమ్మ ఇంకేమీ అడగలేదు. భార్య అడగడం మానేస్తే భర్త భయపడాలని నాకు అప్పటికి తెలియదు.

ఎవరికీ కనబడకుండా కొట్టంలోకి కరెంటు తీగ లాగాను. ఏరియల్ తీగను గోడ వెనక నుంచి దింపాను. కొత్త బిళ్ళ పెట్టి, చెవులకు హెడ్‌ఫోను తగిలించుకున్నాను.

"సైమనా, ఉండావా? ఓవర్."

"ఉండానన్నా."

స్వర్గం. రెండు వారాలు నా మోకాలు ఊగలేదు.

మధ్యలో ఒకటి రెండుసార్లు టెలిఫోను బూత్ దగ్గర్నుంచి ఆనందమ్మకు కబురొచ్చింది. పోయి మాట్లాడి వచ్చేది. "ఎవరే?" అంటే "మా మిషను స్త్రీల సమాజం" అనేది. స్త్రీల సమాజానికి నాతో పనేముందని నేను పట్టించుకోలేదు.

రెండో శనివారం వచ్చింది. కొట్టంలో గడ్డిమోపు మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, "వానేమన్నా?" అని అప్పుడే అడిగాను.

"నమస్కారం పెద్దాయనా!"

నరసింహ గొంతు. ఈ చోటు కూడా పోయిందిరా దేవుడా అనుకున్నాను. బిళ్ళ వైపు చూశాను. మళ్ళీ వినబడింది. ఈసారి చివర ఓవర్ లేదు. హెడ్‌ఫోను ఒక చెవి నుంచి తీశాను. గొంతు ఇంకా పెరిగింది. గాలిలోంచి కాదు, మా వాకిట్లోంచి వస్తోంది.

గడ్డి సందులోంచి చూశాను. ఆత్మకూరు బస్సు దిగిన మంది వాకిలి నిండా ఉన్నారు. ఒకరి చేతిలో టంకం పెట్టే కడ్డీ, ఒకరి చేతిలో మీటరు, సుధారాణి చేతిలో రొట్టెల పొట్లం. మధ్యలో ఆనందమ్మ.

"పాపం మా ఆయన, సెట్టు పోయిన కాణ్ణించి దిగులు. పొద్దస్తమానం ఆ కొట్టంలోనే కూచుంటా ఉండాడు. రాండి, రాండి, జూద్దురు గానీ."

కొట్టం వాకిలి దాకా పది అడుగులు. నా ముందున్న సెట్టు ఎర్ర లైటుతో వెలుగుతూ, మహారాజులా బతికి ఉంది. ఇంతకన్నా ఆరోగ్యంగా అది ఎప్పుడూ లేదు. హెడ్‌ఫోనులో సైమన్, "అన్నా, వాన లేదు, ఓవర్," అంటున్నాడు.

దాన్ని చంపక తప్పలేదు. ఒక ఎర్ర తీగ పట్టుకుని పీకాను. అది పోయి సెట్టు రేకు డబ్బాకు తగిలింది. ఠప్పుమంది. నీలిమంట లేచింది. చుట్టూ గడ్డి. "ఓరి దేవుడో!" అని మైకులోనే అరిచి, చేతికందిన కుడితి బక్కెట ఎత్తి సెట్టు మీద బోర్లించాను.

తలుపు తెరుచుకుంది.

అందరూ సెట్టు వైపు చూశారు. దాని మీదనుంచి తవుడు కారుతోంది. నా మీదనుంచి కూడా.

నరసింహ వంగి వాసన చూశాడు. "అమ్మా, పిడుగు బడితే తవుడు వాసనొస్తాదా?"

"చల్లారబెట్టినాడు నాయనా," అంది ఆనందమ్మ. "రోజూ కుడితి పోసి చల్లారబెడతా ఉండాడు. అంత ప్రేమ."

ఇక వాళ్ళను ఆపేవాళ్ళు లేరు. సెట్టును వాకిట్లోకి మోసుకొచ్చి, విప్పి, తుడిచి, ఎండబెట్టారు. ఒకడు మీటరు పెట్టి పెదవి విరిచాడు. నరసింహ ఏరియల్ చూస్తానని మిద్దె ఎక్కాడు. పైనుంచి అందరికీ పేరుపేరునా సంగతులు చెప్తూ కట్టు విప్పాడు. వెదురుగడ వచ్చి కోళ్ళ గంప మీద పడింది. కోళ్ళన్నీ దుత్తలూరు రోడ్డు పట్టాయి. నర్సు, గుమాస్తాలు, ఇద్దరు టీచర్లు వాటి వెనక పట్టారు. ఒక పుంజు మాత్రం గడ కింద ఉండిపోయింది.

అంతలో సైకిలు విసిరేసి గరగర నరసయ్య పరిగెత్తుకొచ్చాడు. చొక్కా గుండీలు కూడా పెట్టుకోలేదు.

"అన్నా! బతికే ఉండావా! ఇప్పుడే గదా మాతో మాట్లాడతా మాట్లాడతా దేవుడో అని ఆగిపోయినావు! సైమన్ ఆడ ఏడస్తా ఉండాడు!"

వాకిలి మొత్తం ఆగిపోయింది. నరసింహ కూడా నిచ్చెన మీద ఆగిపోయాడు. అందరి కళ్ళూ నా మీద. ఒక్క మాటతో నేను వాళ్ళకు ఏమవుతానో నాకు తెలుసు. రొట్టెలు తీసుకుని బస్సెక్కి వచ్చినవాళ్ళు, రొట్టెలు తీసుకుని పోతారు.

ఆనందమ్మ చేతిలో గరిటె కిందపెట్టింది.

"నరసయ్యకి పొద్దున్నే కల వచ్చినట్టుండాది," అంది. "మీ ఇద్దరికీ కలలో గూడా ఓవరేనా? దా, కూచో. కోడి కొయ్యాల."

నరసయ్య నన్ను చూశాడు. సెట్టును చూశాడు. మందిని చూశాడు. అప్పటికి అర్థమై, "కలేలే," అని కోడి పట్టుకున్నాడు.

పొయ్యి దగ్గరకు పోయి గొంతు తగ్గించి అడిగాను. "నీకెట్టా తెలిసింది?"

"నరసయ్యే. అమ్మిన సామానెల్లా ఎట్టుండాదని అడిగే అలవాటు గదా ఆయనకి. సెట్టు బాగుజెయ్యమని అడిగేదానికి పోతే, 'కొత్త బిళ్ళ బాగా పనిజేస్తా ఉండాదా వదినా?' అన్నాడు."

"మరి ఆ పొద్దే అడగగూడదా?"

"అడిగితే ఏమయితాది? ఒప్పుకుంటావు, మళ్ళా మూలన కూచుంటావు. కూర దిగినాక జూడు."

కూర దిగకముందే చూశాను. సుధారాణి నా దగ్గరకొచ్చి చేతులు కట్టుకు నిలబడింది.

"పెద్దాయనా, మీ వంతు వచ్చేపాటికి కరెంటు పోతా ఉండాదని మాకు తెలవదు. మా మీద కోపంతో మాట్లాడకుండా పోతా ఉండారనుకున్నాం. ఆనందమ్మక్క ఫోనులో జెప్పింది. రేపట్నించి మొదటి వంతు మీదే."

నా వంతు నాకు వచ్చింది. నా సెట్టు వాకిట్లో తవుడు కారుస్తోంది.

"ఆ సెట్టు మళ్ళా కట్టాలంటే ఎన్నాళ్ళు బడతాదో," అంది ఆనందమ్మ అందరికీ వినబడేట్టు. "అందాకా ప్రతి రెండో శనివారం మీరంతా ఈడికే రాండి. ఆయన సెట్టు కడతా మీకు గూడా కట్టేది నేర్పిస్తానంటా ఉండాడు. నిన్న నాతో అన్నాడు. ఏమయ్యా, అన్నావు గదా?"

నిన్న నేను ఆమెతో అన్న మాట ఒక్కటే: ఉప్పు తక్కువైంది.

"అన్నాను," అన్నాను.

చప్పట్లు కొట్టారు. నరసయ్య అందరికన్నా ఎక్కువ కొట్టాడు. బిళ్ళలకు గిరాకీ వస్తుందని అతని సంతోషం.

మధ్యాహ్నం వసారాలో వరసగా చాపలు పరిచారు. ఆనందమ్మ కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసింది. కోడికూర, వేడి అన్నం, సుధారాణి రొట్టెలు. వాళ్ళు అర్ధరాత్రి లేచి బస్సులు మారి వచ్చారట. ఆకలి మీద ఉన్నారు. ఎవరూ మాట్లాడలేదు. నరసింహ తల వంచుకుని తింటున్నాడు. నరసయ్య ఎముక పక్కన పెట్టి ఇంకోటి తీసుకున్నాడు. ఆనందమ్మ నా పక్కనే కూర్చుంది. నా పళ్ళెం ఖాళీ అవడం చూసి, ఇంకో గరిటె పులుసు పోసింది. కలుపుకుని తిన్నాను.