ఈ ఏడాదికి ఒక ఘర్షణ

ఈ సంవత్సరం ముగిసేలోగా దేశంలో ఉన్న జాతుల ఘర్షణల్లో ఏదో ఒకదాన్ని సమూలంగా పరిష్కరించి తీరుతామని సామరస్య శాఖ మంత్రిగారు విలేకరుల సమావేశంలో ప్రకటించారు. ఏది అని ఒక విలేకరి అడిగాడు. ఆ వివరాలు నిపుణులు చూసుకుంటారనీ, ప్రభుత్వం వంతు సంకల్పం చెప్పుకోవడం వరకేననీ మంత్రిగారు సెలవిచ్చారు. ఏడాది చివర్లో ప్రపంచ శాంతి సంస్థ వాళ్ళు వస్తున్నారనీ, వాళ్ళకి చూపించడానికి పరిష్కారమైన ఘర్షణ ఒకటి రెడీగా ఉండాలనీ కూడా ఆయన దాచకుండా చెప్పారు. ఇంత దాపరికం లేని మనిషి మంత్రిగా దొరకడం మన అదృష్టం.

నిపుణులంటే ఎవరో కాదు, మన ప్రొఫెసర్ గారే. అంతర్జాతీయ సంబంధాల మీద ఆయన చదవని పుస్తకం లేదు. జాతుల ఘర్షణ ఎలా పుడుతుంది, ఎలా ముదురుతుంది, ఎలా చల్లారుతుంది అన్నదాని మీద ఆయన ఐదు దశల సిద్ధాంతం ఒకటి కనిపెట్టారు. దాన్ని పరాయి దేశాల వాళ్ళు కూడా ఫుట్‌నోట్లలో తలుచుకుంటారు. సరిహద్దు లోయలో రెండు జాతుల వాళ్ళు ఏళ్ళ తరబడి ఒకరి ఇళ్ళు ఒకరు తగలబెట్టుకుంటూ ఉంటే, ఆ లోయ గురించి ఆయన రాసినంత ఇంకెవరూ రాయలేదు. ఒక్కసారైనా వెళ్ళి చూడలేదేమని అడిగినవాళ్ళకి, వెళితే నిష్పాక్షికత దెబ్బతింటుందని చెప్పేవారు.

ఇంత పాండిత్యం ఉన్నా, శాంతి అధ్యయన సంస్థలో ఆయన గది బయట బోర్డు మీద మాత్రం 'ఇన్‌ఛార్జి డైరెక్టర్' అనే ఉండేది. జుట్టు నల్లగా ఉన్నప్పుడు పెట్టిన బోర్డు అది. పూర్తి స్థాయి డైరెక్టర్ అనిపించుకుని రిటైరవ్వాలన్నది ఆయనకి మిగిలిన ఒకే ఒక్క కోరిక. శాంతి కోసం పాటుపడేవాడికి ఆ మాత్రం కోరిక ఉండటం తప్పు కాదు.

మంత్రిగారి ఆఫీసులో మీటింగ్ పెట్టారు. ప్రొఫెసర్ గారు సరిహద్దు లోయ మ్యాపు గోడకి తగిలించి లేజర్ లైటు వేశారు. శాఖ కార్యదర్శి ఆ వెలుతురు చుక్క వైపు కాసేపు చూసి, అక్కడ గెస్ట్‌హౌస్ ఉందా అని అడిగారు. లేదు. రోడ్డు? అదీ లేదు. పైగా అక్కడి వాళ్ళ దగ్గర తుపాకులు ఉన్నాయి.

"అంటే చర్చలకి అనువైన వాతావరణం లేదన్నమాట," అన్నారు కార్యదర్శి. "ప్రొఫెసర్ గారూ, కాస్త ప్రశాంతంగా ఉన్న చోట ఏదైనా ఘర్షణ చూడండి."

మంత్రిగారు గడియారం చూసుకుంటున్నారు. ఆ కంగారులో ప్రొఫెసర్ గారి నోట తన అక్క ఉండే ఊరి పేరు జారింది. అక్కడా రెండు జాతులు ఉన్నాయి. గట్టువాళ్ళ ముత్తాతలు కొండ దిగి వచ్చారు, ఏటివాళ్ళ ముత్తాతలు పడవ దిగి వచ్చారు. దిగాక ఇద్దరూ ఒకే వీధిలో ఇళ్ళు కట్టుకున్నారు. ఆ సంగతి అక్కడివాళ్ళకే గుర్తులేదని ఆయన చెప్పబోయారు గానీ, ఊరు ఎయిర్‌పోర్టుకి దగ్గరేనని తెలిసి అప్పటికే మంత్రిగారు లేచి చెయ్యి కలిపేశారు. గుమ్మం దాకా సాగనంపుతూ కార్యదర్శి ఆయన చెవిలో, ఇది నెగ్గితే డైరెక్టర్ ఆర్డరు తన చేతుల మీదుగానే వస్తుందన్నారు.

ఆ ఊళ్ళో అక్కకీ బావకీ రొట్టెల దుకాణం ఉంది. ముందు గదిలో దుకాణం, వెనక వంటింట్లో ఇటుకల పొయ్యి, మేడ మీద కాపురం. అక్క పిండి కలుపుతుంది, బావ పొయ్యి దగ్గర నిలబడతాడు. అమ్మ పోయాక తమ్ముణ్ణి పెంచి పెద్ద చేసింది అక్కే. ఆయన డాక్టరేట్ దాకా చదివింది ఆ పొయ్యి సంపాదన మీదే. అక్క గట్టుపిల్ల, బావ ఏటివాడు. పెళ్ళినాడు ఆ మాట ఎవరికీ తోచలేదు, పెళ్ళికొడుకు మరీ పొడుగని మాత్రం అందరూ అనుకున్నారు.

ప్రొఫెసర్ గారు లైబ్రరీ మేడ మీద హాల్లో వర్క్‌షాప్ పెట్టారు. గట్టువాళ్ళు కుడివైపు, ఏటివాళ్ళు ఎడమవైపు కూర్చోవాలని మైకులో మర్యాదగా కోరారు. వచ్చినవాళ్ళంతా ఫ్యాను ఉన్న వైపు కూర్చున్నారు. తాము ఎటువాళ్ళమో కొందరికి నిజంగానే తెలియదు. మంగలి తన తల్లిని అడిగి వస్తానని వెళ్ళాడు. చివరికి ప్రొఫెసర్ గారు పసుపు బ్యాడ్జీలు, నీలం బ్యాడ్జీలు పంచారు. నీలం బ్యాడ్జీ చొక్కాకి నప్పుతుందని గట్టువాళ్ళు కొందరు ఏటివాళ్ళయ్యారు.

సిద్ధాంతం ప్రకారం ఇది గడ్డు సమస్య. పరిష్కారం ఐదో దశ. ఈ ఊరు ఇంకా ఒకటో దశకే రాలేదు. మొదటి నాలుగు మెట్లూ ఎక్కకుండా ఐదో మెట్టు మీద ఊరిని ఎవరు మాత్రం నిలబెట్టగలరు? అందుకని ఆయన ఓపిగ్గా మొదటి దశ, అంటే పక్షాల ఏర్పాటు నుంచీ మొదలుపెట్టారు. గట్టు ప్రతినిధిగా ఎవరూ ముందుకి రాకపోతే అక్కని నిలబెట్టారు. ఏటి ప్రతినిధిగా బావని నిలబెట్టారు. బావకి ఇదంతా వింతగానే ఉంది గానీ, తమ్ముడి ఉద్యోగం ఖాయమవుతుందట, ఓ పూట నిలబడితే మన సొమ్మేం పోతుందని అక్క సర్దిచెప్పింది.

రెండో దశ మనోవేదనల వెల్లడి. ఎదుటి జాతి వల్ల పడ్డ బాధ ఒక్కటైనా చెప్పాలన్నారు. హాలంతా చాలాసేపు ఆలోచించింది. ఎవరికీ ఏమీ తట్టలేదు. తమ్ముడి మొహం పాలిపోవడం చూసి అక్కకి మనసు కరిగింది.

"ఏటివాళ్ళు ఒక మాట చెబితే వినరు," అంది మైకు అందుకుని. "గోడకి చెప్పుకోవడం నయం."

హాలు గొల్లుమంది. బావ కూడా నవ్వాడు. నవ్వి, గట్టువాళ్ళు చెప్పిన మాటే పొద్దుటి నుంచీ చెబుతారని, ఏమని వింటామని అన్నాడు. దాంతో హాల్లో ఆడవాళ్ళందరూ బ్యాడ్జీల రంగు చూసుకోకుండా లేచి అక్క పక్కకి వచ్చేశారు. మగవాళ్ళు బావ వెనక చేరారు. ఎన్నాళ్ళకో కడుపునిండా నవ్వుకున్నామని అందరూ ఇళ్ళకి వెళ్ళారు.

ఆ రాత్రి అక్క వాళ్ళ మేడ మీద కూర్చుని ప్రొఫెసర్ గారు రిపోర్టు రాశారు. ఆయన అబద్ధం రాసే మనిషి కాదు. జరిగిందే రాశారు, కాకపోతే శాస్త్ర భాషలో రాశారు. గట్టు జాతి గొంతును ఏటి జాతి తరతరాలుగా పెడచెవిన పెడుతోందనీ, గట్టు జాతి ఆధిపత్య భాషణం ఏటి జాతికి ఊపిరాడనివ్వడం లేదనీ, వర్క్‌షాప్‌లో ఇరుపక్షాల సమీకరణ కళ్ళారా కనిపించిందనీ రాశారు.

రిపోర్టు చదివి మంత్రిగారు చలించిపోయారు. రాజధానికి ఇంత దగ్గర్లో ఇంత అన్యాయం జరుగుతుంటే గత ప్రభుత్వం ఏం చేసిందని అసెంబ్లీలో నిలదీశారు. మర్నాటికల్లా ఊళ్ళోకి పోలీసు వ్యాను వచ్చింది. పోలీసులకి చెయ్యడానికి ఏమీ లేక రొట్టెలు కొనుక్కుని తిన్నారు. టీవీ వాళ్ళు వచ్చి, మూసి ఉన్న తలుపుల ముందు నిలబడి, ఊరు నివురుగప్పిన నిప్పులా ఉందన్నారు. ఆ తలుపులు మంగలివి, ఆ వేళ అతనికి సెలవు.

కానీ టీవీలో చూసిన ఊరు వేరు. తమ ఊరు నిప్పులా ఉందని ఊరివాళ్ళకి అప్పుడే తెలిసింది. మొదట్లో మంగలి వచ్చినవాళ్ళని నవ్వులాటకి, మీరు ఎటువైపండీ అని అడిగేవాడు. కొన్నాళ్ళకి నవ్వు పోయింది, అడగడం మిగిలింది. దుకాణంలో రొట్టెలు కొనేవాళ్ళు పిండి ఎవరు కలిపారని ఒకరు, కాల్చింది ఎవరని ఒకరు ఆరా తియ్యసాగారు.

పేపర్లో పెద్ద అక్షరాలతో 'ఏటివాళ్ళు మాట వినరు: గట్టు నాయకురాలు' అని వచ్చిన రోజు బావ పొయ్యి వెలిగించలేదు. పేపరు మడిచి రొట్టెలు చుట్టే కాగితాల కింద పెట్టాడు.

"నేను వినకపోవడం నీకూ నాకూ మధ్య సంగతి," అన్నాడు. "మా తాతలకి దాంతో ఏం పని?"

"నేను నిన్నన్నాను గానీ మీవాళ్ళని అన్లేదు," అంది అక్క.

"మీవాళ్ళు అన్నావా?"

ఆ మాట ఆ ఇంట్లో అదే మొదటిసారి. మెట్ల మీద నిలబడి విన్న ప్రొఫెసర్ గారి చెయ్యి అలవాటుకొద్దీ జేబులో పెన్ను కోసం వెళ్ళింది. మూడో దశ, అంటే మీవాళ్ళు, మావాళ్ళు అని విడిపోవడం, పూర్వాపరాలతో సహా ఆయన పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే కళ్ళముందు జరుగుతోంది. అంతలో అక్క మొహం చూశారు. ఆయనకి సిగ్గేసింది, నిజంగా ఏడుపొచ్చినంత పనైంది.

వెంటనే కార్యదర్శికి ఫోన్ చేశారు. ఇది జాతుల ఘర్షణ కాదనీ, మొగుడూ పెళ్ళాల మాట పట్టింపనీ, వాళ్ళు తన అక్కా బావలేననీ ఒక్క గుక్కలో చెప్పేశారు.

"చాలా సంతోషం," అన్నారు కార్యదర్శి. "ఇంత లోతుగా ఎవరూ పరిశోధించి ఉండరు. అన్నట్టు మీ ఆర్డరు టైపయింది, మంత్రిగారు సంతకం పెట్టడమే తరువాయి. ఇందాకేదో అంటున్నారు?"

ప్రొఫెసర్ గారు ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నారు. తర్వాత, సిగ్నల్ సరిగ్గా లేదు, మళ్ళీ చేస్తానన్నారు. మళ్ళీ చెయ్యలేదు.

నాలుగో దశ మధ్యవర్తిత్వం, ఐదో దశ ఒప్పందం. రెండూ చకచకా జరిగిపోయాయి. మంత్రిగారు స్వయంగా వచ్చి అక్కకీ బావకీ మధ్య నిలబడి ఇద్దరి చేతులూ కలిపారు. రెండు జాతుల మధ్య చరిత్రలో ఇదే తొలి కరచాలనమని మైకులో చెప్పారు. ఫోటో సరిగ్గా రాలేదంటే ఇంకోసారి కలిపారు. బావ చేతికి ఇంకా పిండి అంటుకుని ఉందని అక్క కొంగుతో తుడవబోయింది. ఫ్రేములోకి అడ్డం వస్తోందని ఫోటోగ్రాఫర్ ఆపాడు.

ఒప్పందం చాలా ముందుచూపుతో రాశారు. ఇరుపక్షాల మధ్య అపార్థాలకి తావు లేకుండా, గట్టువాళ్ళకి ఊరి ఎగువన, ఏటివాళ్ళకి దిగువన ప్రభుత్వం కొత్త క్వార్టర్లు ఇస్తుంది. ప్రతినిధులు శిక్షణ పొందిన మధ్యవర్తి సమక్షంలో మాత్రమే మాట్లాడుకోవాలి. అందుకోసం ఎగువకీ దిగువకీ సరిగ్గా నడుమ ఉన్న స్థలంలో శాశ్వత శాంతి సంప్రదింపుల కేంద్రం నెలకొల్పాలి. సర్వేయరు టేపు పట్టుకుని ఊరంతా కొలిచి, ఆ నడుమ స్థలం రొట్టెల దుకాణమేనని తేల్చాడు.

అక్క తమ్ముణ్ణి పక్కకి పిలిచింది. మాకు వేరే వేరే క్వార్టర్లేమిటిరా, మేము మొగుడూ పెళ్ళాలమని వాళ్ళకి చెప్పలేదా అని అడిగింది. చెప్పాననీ, మిశ్రమ కుటుంబాల కేటగిరీ ఇంకా శాంక్షన్ కాలేదనీ ఆయన నేలచూపులు చూస్తూ చెప్పారు.

"మరి పొయ్యి?"

"తాత్కాలికమే అక్కా."

"నీ ఉద్యోగం మటుకు ఖాయమైనట్టేనా?"

అయిందన్నారు. పోనీలే అంది అక్క. అంతకన్నా ఇంకేమైనా అని తిట్టినా బాగుండేదని ఆయనకి అనిపించింది.

ఏడాది చివర్లో, మాటిచ్చిన ప్రకారం, ప్రపంచ శాంతి సంస్థ వాళ్ళు వచ్చారు. కేంద్రానికి కొత్త సున్నం వేశారు. పొయ్యి పడగొట్టి ఆ చోట డైరెక్టర్ గారి, అంటే మన ప్రొఫెసర్ గారి, కుర్చీ వేశారు. కుర్చీకి అటూ ఇటూ రెండు బెంచీలు, ఒకటి పసుపు, ఒకటి నీలం. డైరెక్టర్ గారు కొత్త సూటు వేసుకుని నడుమ కూర్చున్నారు. అతిథులకి సంప్రదింపులు ఎలా జరుగుతాయో ప్రత్యక్షంగా చూపించే కార్యక్రమం అది. సంస్థ ప్రతినిధిగా వచ్చిన పెద్దావిడకి మన భాష రాదు కాబట్టి అనువాదం బాధ్యత కూడా ఆయనదే.

అక్క పసుపు బెంచీ మీద కూర్చుంది. బావ నీలం బెంచీ మీద కూర్చున్నాడు. నియమం ప్రకారం ఇద్దరూ ఒకరితో ఒకరు కాకుండా మధ్యవర్తితో మాట్లాడాలి.

"తమ్ముడూ, మీ బావ పొద్దున్న ఏమైనా తిన్నాడేమో అడుగు," అంది అక్క.

డైరెక్టర్ గారు అడిగారు. తిన్నాననీ, ఆవిడ మోకాలు నొప్పి తగ్గిందేమో కనుక్కోమనీ బావ చెప్పాడు. డైరెక్టర్ గారు కనుక్కున్నారు. తగ్గలేదు. ఎగువన క్వార్టర్లకి మెట్లెక్కువ.

అతిథులు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. బద్ధశత్రువులు ఒకరి ఆరోగ్యం గురించి ఒకరు అడగడం వాళ్ళు ఏ దేశంలోనూ చూడలేదట. మంత్రిగారు కార్యదర్శి వైపు గర్వంగా చూశారు. పెద్దావిడ ఉండబట్టలేక అక్క పక్కన వచ్చి కూర్చుని, ఈ కేంద్రం రాకముందు మీరూ ఆయనా ఎక్కడ మాట్లాడుకునేవారమ్మా అని అడిగింది. డైరెక్టర్ గారు ఆ ప్రశ్నని అక్షరం పొల్లుపోకుండా అనువదించారు.

"ఇక్కడేనండీ," అంది అక్క. "ఇది మా వంటిల్లు."

అందరూ డైరెక్టర్ గారి వైపు చూశారు. ఆయన గొంతు సవరించుకున్నారు.

"మాట్లాడుకోవడానికి అసలు చోటే ఉండేది కాదంటోంది," అని ఇంగ్లీషులో చెప్పారు.

పెద్దావిడ కళ్ళు చెమర్చాయి. అక్క చెయ్యి తన చేతిలోకి తీసుకుని ఏదో అంది. అతిథులంతా చప్పట్లు కొట్టారు.

"ఏమందిరా?" అని అడిగింది అక్క.

"గది బాగుందంది."

"పొయ్యి ఉన్నప్పుడు ఇంకా బాగుండేదని చెప్పు."

డైరెక్టర్ గారు పెద్దావిడ వైపు తిరిగి, ప్రభుత్వానికి కృతజ్ఞతలు చెబుతోందన్నారు.