తప్పుల్లేని రాకుమారి

కథల పుస్తకాల్లో తప్పులు దిద్దడం మానవజాతికి జరిగిన మహోపకారం! నవ్వకండి, రుజువులతోనే వచ్చాను.

మా ఇంట్లో ఒక పాత బొమ్మల పుస్తకం ఉంది. అడవిలో దారితప్పిన రాకుమారి ఏడు రోజులు ఆకలితో ఏడుస్తుంది. రాకుమారుడు గుర్రమెక్కి వచ్చి రక్షిస్తాడు. మరుసటి పేజీలో పెళ్లి! గుర్రానికి దాహమేస్తోందా అని అడిగారు, దానికో బొమ్మ కూడా ఉంది. పెళ్లికూతుర్ని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

జగ్దల్‌పూర్‌లో ఉండే మా అమ్మాయి వరలక్ష్మి అది చూసి అదిరిపడింది. "నాన్నా, ఇది పక్కింటి పిల్లలకు చదివి వినిపించకండి" అంటూ సంస్కరించిన కొత్త ముద్రణ తెచ్చిపెట్టింది.

ఏం పుస్తకమండీ! రాకుమారుడు ప్రతిదానికీ పర్మిషన్ అడుగుతాడు. గుర్రాన్ని ఎక్కేముందు గుర్రాన్ని కూడా అడుగుతాడు. అది ఆలోచించుకోవడానికి రెండు పేజీలు! పులి శాకాహారి. రాకుమారి దారితప్పదు, ఫోన్‌లో మ్యాప్ ఉంది. అడవి అంచునున్న మా ఊరు కొంటాలో గుమ్మం దాటితే నాకు సిగ్నల్ ఉండదు, ఆమెకు నట్టడవిలో ఫుల్ టవర్! ఆకలీ లేదు, టిఫిన్ బాక్సు తెచ్చుకుంది.

ఇక లాభాలు చూడండి. పాత పుస్తకం తెరిస్తే పక్కింటి ఏడేళ్ల పాప దేవేతో యుద్ధమే. "అడవిల ఆకలేంది తాతా? తునికి పండ్లు లేవా? ఈ పిల్లకు చెట్టెక్కుడు రాదా?" వాళ్లమ్మ పొజ్జే మా ఊరి అడవిలోనే ఇప్పపువ్వు ఏరుతుంది మరి. ఈ వాదనలో పొయ్యి మీది పప్పు రోజూ మాడేది.

పోయిన వారం కొత్తది చదివాను. ఎంత ప్రశాంతత! ఒక్క ప్రశ్నా లేదు. నాలుగో పేజీలో దేవే లేచి గౌను దులుపుకుంది.

"ఏమే, నచ్చలేదా?"

"మంచిగనే ఉంది తాతా. అన్నీ వాళ్లే సక్కగ చేస్తున్నరు. ఇగ నేనేం చెప్పాలె?"

మూడు సాయంత్రాలు రాలేదు. మూడు రోజులూ పప్పు అద్భుతంగా కుదిరింది. ఆ సంగతి చెప్పుకోవడానికే ఎవరూ లేరు.

నాలుగో రోజు పాత పుస్తకం తీశాను. ఏడుస్తున్న రాకుమారి పక్కన, పోయిన నా భార్య సావిత్రి పెన్సిల్ రాత: "పొజ్జే అడుగుతోంది, తునికి పండ్లు లేవా అని." పొజ్జేకు అప్పుడు దేవే ఈడే.

కాబట్టి ప్రచురణకర్తలకు నా విన్నపం. దిద్దండి. పెళ్లికూతుర్ని తప్పకుండా అడగండి, గుర్రాన్నీ అడగండి. ఒక్క తప్పు మాత్రం పిల్లల చేతికందేంత ఎత్తులో వదిలేయండి.

ఆ సాయంత్రం దడి పక్కన నిలబడి గట్టిగా చదివాను: "రాకుమారి ఏడు రోజులు ఆకలితో ఏడ్చెను!"

అవతల నుంచి కేక. "మళ్ల అదే మాటనా! ఆగు తాతా, వస్తున్న!"

పప్పు మాడింది.