నలుపు ఏకీకరణ సంఘం

ఆ పొద్దున ఆకాశం నిండా మబ్బులు. ఒకచోట కాటుకలా, ఇంకోచోట బూడిదలా, ఎవరి అనుమతీ తీసుకోకుండా రకరకాల నలుపుల్లో ఉన్నాయి. సరిగ్గా ఆ వేళకే ప్రచురణల కార్యాలయంలో పెద్దసారు కుర్చీలోంచి లేచి ప్రకటించారు.

"నేటినుంచి ఈ కార్యాలయంలో నలుపంటే ఒక్కటే నలుపు!"

సిబ్బంది చప్పట్లు కొట్టారు. దేనికో తరవాత తెలుసుకోవచ్చులే అని.

సంగతేమిటంటే, ఆ శనివారం పెద్దసారి పదవీ విరమణ. ఆయన సేవల మీద ఓ పుస్తకం వేస్తున్నారు, ఆయన పర్యవేక్షణలోనే. నల్లటి అట్ట, మధ్యలో ఆయన ముఖం. అచ్చు నమూనా వచ్చింది. అట్టేమో వెలిసిన గొడుగులా ఉంది, తలమీద జుట్టేమో నిగనిగలాడుతోంది.

"ఎక్కణ్ణుంచో తెచ్చి అతికించినట్టుందే!" అని పెద్దసారు కుమిలిపోయారు.

డిజైనరమ్మకు కబురు వెళ్ళింది. ఎనిమిదేళ్ళుగా ఆమె అక్కడ తాత్కాలికం. ఉద్యోగం ఖాయం చేసే ఫైలు ఆర్నెల్లుగా పెద్దసారి బల్లమీదే పడి ఉంది. శనివారం దాటితే అది మళ్ళీ మొదటి గుమస్తా దగ్గర్నుంచి బయల్దేరాలి. ఇంట్లో అత్తగారు రోజూ తలుపు తీస్తూనే "ఇవాళైనా గీకాడా సంతకం?" అని అడుగుతోంది.

"ఫొటో దిద్దే ప్రోగ్రాములో నలుపు నాలుగు సిరాలు కలిస్తే వచ్చింది సార్. అట్ట నలుపు పేజీ కట్టే ప్రోగ్రాములోది, అందులో ఒక్క నల్ల సిరాయే. తెరమీద రెండూ ఒకేలా కనబడతాయి, కాగితం మీద బండారం బయటపడుతుంది."

"తెరమీద ఎందుకలా కనబడాలి?"

"చూసేవాళ్ళ తృప్తికి సార్. అలా చూపించే ఏర్పాటు ప్రోగ్రాములోనే ఉంది."

"మంచి ఏర్పాటు!" అన్నారు పెద్దసారు మనస్ఫూర్తిగా.

వెంటనే నలుపు ఏకీకరణ సంఘం ఏర్పడింది. చిన్నసారు అధ్యక్షుడు, ఇద్దరు గుమస్తాలు సభ్యులు. ముగ్గురూ మూడు రోజులు తెరముందు కూర్చుని టీలు తాగారు. నలుపును దగ్గరగా చూశారు, దూరంగా చూశారు, కళ్ళద్దాలు తీసి చూశారు. అట్ట నలుపును జుట్టు నలుపుతో సమానం చేయవలెనని తీర్మానించారు.

"అప్పుడు జుట్టు అట్టలో కలిసిపోతుందండీ. నుదుటి పైన ఇంకేమీ కనబడదు," అంది డిజైనరమ్మ.

చిన్నసారు తెరమీద వేలుపెట్టి, "ఇదిగో, వెంట్రుక వెంట్రుకా కనబడుతోందిగా!" అన్నారు.

"తెర వెనకాల దీపం ఉందండీ. కాగితం వెనకాల లేదు."

"చూడమ్మా, నువ్వు తాత్కాలికం. తీర్మానం శాశ్వతం."

ముగ్గురూ సంతకాలు పెట్టారు. ఆమె నాలుగు సిరాల పాళ్ళు చెప్పే నాలుగు అంకెలు ఫొటో ప్రోగ్రాములోంచి తీసి పేజీ ప్రోగ్రాములో వేసింది.

శనివారం సభలో పుస్తకానికి కట్టిన రిబ్బను లాగారు. ఏం నలుపు! ఎక్కడా వంక లేదు, తేడా లేదు. ఆ నలుపు నడుమ పెద్దసారి ముఖం, జుట్టన్నదే లేకుండా, ఒలిచిన గుడ్డులా తేలుతోంది!

చప్పట్లు సగంలో ఆగిపోయాయి.

పెద్దసారు డిజైనరమ్మను గదిలోకి పిలిచి తలుపు వేశారు. ఎనిమిదేళ్ళూ నీళ్ళపాలు అనుకుందామె.

"ఎవరు చెప్పారమ్మా నీకు?" అన్నారాయన గుసగుసగా.

"ఏమిటి సార్?"

"నా దగ్గరా నాటకాలు?" ఆయన చెయ్యి నెత్తిమీదికి వెళ్ళింది. జుట్టు మొత్తం, పాపిడితో సహా, అంగుళం పక్కకు జరిగి మళ్ళీ సర్దుకుంది. "మా ఆవిడకి తప్ప ఇంకో మనిషికి తెలీదు! పది మందికీ చెప్పకుండా ఉండడానికి నీకేం కావాలి?"

తనకేమీ తెలియదనీ, అంకెలు మార్చానంతేననీ చెప్పబోయి నోరు తెరిచింది. బల్లమీద ఫైలు కనబడింది. నోరు మూసుకుంది.

ఆయన గబగబా సంతకం పెట్టేశారు.

ఫైలు పట్టుకుని బయటికొచ్చి బిత్తరపోయి నిలబడింది. అటెండరు దగ్గరికొచ్చాడు.

"సార్ది... విగ్గా?" అంది మెల్లగా.

"ఇన్నాళ్ళూ తెలీదా తల్లీ? చిన్నసారుకి తెలుసు, గుమస్తాలకి తెలుసు. గాలి కొట్టినప్పుడల్లా మేమంతా ఫైళ్ళలోకి తలలు దూర్చేది ఎందుకనుకున్నావు?"

భోజనాల బల్లకు ఒక చివర పెద్దసారు కూర్చున్నారు. ఆయన పక్కనే సంఘం. పర్మనెంటువాళ్ళ వరసలో డిజైనరమ్మకు మొదటిసారి కుర్చీ వేశారు. ఎవరి చూపూ పెద్దసారి కనుబొమలు దాటి పైకి పోలేదు. ఆమె కూడా తల వంచుకుని పళ్ళెంలోకే చూస్తూ తినసాగింది.