ఎర్రమిట్ట కెప్టెన్

శుక్రవారం తెల్లవారుజామున అల్లాబకష్ లోపల ఆట నిక్కరు, పైన ప్యాంటు, లోపల నీలం బనియను, పైన డ్రైవరు చొక్కా వేసుకుని సిద్ధమైపోయాడు. ఆయన లెక్క చాలా సులువు. అయిదున్నరకు, ఇంట్లో పనివాళ్లు మామా అని పిలిచే కువైటీ యజమానురాలిని షర్క్ చేపల మార్కెట్టుకు తీసుకెళ్లాలి. ఆరున్నరకల్లా జాబ్రియాలో ఇంటి దగ్గర దించేయాలి. ఏడింటికి ఖైతాన్ మైదానంలో ఉండాలి. ఎనిమిది లోపల గెలవాలి. మొదటి మూడూ ఆయన ఏళ్ల తరబడి చేస్తున్న పనులే. నాలుగోది మాత్రం ఇంతవరకూ ఒక్కసారీ చేయలేదు.

రాయచోటి వైపు ఎర్రమిట్ట, వంకపల్లె అని రెండు ఊళ్లు. మధ్య మూడు కిలోమీటర్ల దూరం, చెరో హైస్కూలు, ఏటా ఒక కబడ్డీ పోటీ. గెలిచిన కెప్టెన్ పేరు ఒక చెక్క బోర్డు మీద రాసి, ఆ బోర్డును గెలిచిన బడిలోనే ఉంచుకోవడం ఆనవాయితీ. పద్నాలుగేళ్ల కిందట ఆటగాళ్ల కంటే చూసేవాళ్లు ఎక్కువగా కలబడి నలుగురి తలలు పగలడంతో, పై అధికారులు ఆ పోటీని ఆపేశారు. పోటీ ఆగింది కానీ ఆనవాయితీ ఆగలేదు. బతుకుతెరువు వెతుక్కుంటూ అది కూడా కువైట్ వచ్చేసింది. రెండు బడుల పాత విద్యార్థులు ఏటా చలికాలంలో ఒక శుక్రవారం ఖైతాన్‌లో ఆడతారు. ఫలితం ఫోనులో చెబితే, రిటైరైన డ్రిల్లు మాస్టారు అబ్దుల్ బాసిత్ ఊళ్లో ఈ ఆటల కోసమే చేయించిన బోర్డు మీద పేరు రాయిస్తారు. పద్నాలుగేళ్లుగా ఆ బోర్డు వంకపల్లె బడి గడప దాటలేదు.

పద్నాలుగేళ్లుగా ఎర్రమిట్ట కెప్టెన్ అల్లాబకష్. అంతవరకైతే ఎవరికీ నష్టం లేదు. కానీ ఎనిమిదో తరగతి చదువుతున్న కూతురు అంజుమ్‌కు ఆయన ఎప్పుడో, ఏదో ముద్దు మాటల మధ్య, తాను మూడుసార్లు గెలిచానని చెప్పి ఉన్నాడు. బోర్డు పొరుగూరి బడిలో తాళం వేసిన గదిలో ఉంది కాబట్టి ఆ అబద్ధానికి ఢోకా లేకపోయింది.

ఇప్పుడు ప్రభుత్వం రెండు బడులనూ కలిపేసింది. రెండూళ్ల మధ్య కొత్త భవనం కట్టారు. ఈ శుక్రవారమే అక్కడ పదకొండు గంటలకు, అంటే కువైట్‌లో ఎనిమిదిన్నరకు, ప్రారంభం. బోర్డును వరండాలో, పిల్లలందరూ చూసేచోట తగిలిస్తారు. ముందు రోజు డ్రిల్లు మాస్టారి వాయిస్ మెసేజ్ వచ్చింది. "ఒరేయ్ అల్లాబకషూ, పెయింటరు కుంచె పట్టుకోని కూర్చోని ఉంటాడు. ఎనిమిదిన్నర లోపల ఎవరు గెల్చిందీ చెప్పల్ల. ఆలస్యమైతే మీ ఆట బోర్డుకెక్కదు."

వచ్చే గురువారం అల్లాబకష్ వీసా రద్దు చేయించుకుని పూర్తిగా ఇంటికి వెళ్లిపోతున్నాడు. ఇదే చివరి ఆట. ఒక్క పేరు బోర్డుకెక్కితే చాలు, మిగతా రెండూ రంగు వెలిసిపోయాయని కూతురికి చెప్పుకోవచ్చు. అదీ ఎక్కకపోతే కూతురి ముఖం ఎలా చూడాలో ఆయనకు తెలియలేదు. రాత్రంతా నిద్ర పట్టలేదు.

మామాను సెలవు అడిగే పని వంటమనిషి రెడ్డెమ్మకు అప్పగించాడు. రెడ్డెమ్మదీ ఎర్రమిట్టే, అరబ్బీ ఆయనకంటే బాగా వచ్చు. ఆయన బండి తుడుస్తుంటే ఆమె బయటికొచ్చింది.

"ఏమనింది రెడ్డెమ్మా? సెలవిచ్చిందా?"

"ఇచ్చిందన్నా. రెండు గంటలు."

"అల్లా సల్లగా సూడనీ!"

"ఆమె గూడా వస్తాదంట."

అల్లాబకష్ చేతిలోని గుడ్డ జారిపోయింది. "యాడికి?"

"ఆటకే. ఏం పని అంటే, బడి ఆటలు మామా అని చెప్పినా. నాకేం తెల్సు? ముప్పై ఏండ్లు హెడ్మాస్టరమ్మగా చేసినామె. బడి అనంగానే మొగం ఎట్ల ఎలిగిపోయిందో! మార్కెట్టు నుంచి అట్నుంచటే పోదాం, యల్లా అనింది. నన్ను గూడా రమ్మనింది."

మామాకు అడ్డు చెప్పడం ఆ ఇంట్లో మామా భర్తకే చేతకాలేదు; ఆమె యల్లా, అంటే పద, అంటే అందరూ హాదిర్, అంటే చిత్తం, అనాల్సిందే. ముగ్గురూ షర్క్ వెళ్లారు. అక్కడ ఆమె ప్రతి జుబైదీ చేప మొప్పలూ ఎత్తి చూసి, పరీక్ష పేపర్లు దిద్దినట్టు పక్కన పెట్టేస్తుంటే, అల్లాబకష్ నిమిషానికోసారి గడియారం చూసుకుని, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూ నిలబడ్డాడు. ఆరున్నర అయింది. ఏడు అయింది. చేపలు ఐసుపెట్టెలోకి చేరేసరికి ఏడూ పది.

ఖైతాన్ పాత ఫ్లాట్ల వెనక ఇసుక మైదానంలో రెండు జట్లూ అప్పటికే ఒళ్లు విరుచుకుంటున్నాయి. అలాంటి చోటికి నిగనిగలాడే తెల్లటి పెద్ద బండి వచ్చి ఆగింది. దానిలోంచి నల్లటి అబాయాలో, కళ్లద్దాలతో, చేతిలో ఒక ఫైలుతో కువైటీ ఆమె దిగింది. ఫైలులో ఉన్నది మనవడి హోంవర్కని తెలిసింది బండిలో ఉన్నవాళ్లకే.

"ఇఖామా చెకింగు!" అని ఎవరో కేక పెట్టారు. మరుక్షణం మైదానం ఖాళీ. కువైట్‌లో ఉండే అనుమతి కాగితాలు సరిగ్గా ఉన్నవాళ్లు కూడా పక్కవాడు పరుగెత్తుతున్నాడు కదా అని పరుగెత్తారు. అంపైరు అస్లాం విజిలు నోట్లో ఉండగానే పరుగెత్తాడు కాబట్టి అడుగడుక్కీ అది మోగుతూ, పారిపోయేవాళ్లను మరింత హడలగొట్టింది. వంకపల్లె జట్టుకు ఈ ఏడాది కెప్టెన్, అక్కడే ఖైతాన్‌లో ఏసీల రిపేరు షెడ్డులో పనిచేసే చిన్నపుల్లయ్య, నీళ్ల ట్యాంకరు కిందికి దూరాడు.

మామా చుట్టూ చూసింది. "పోటీ పరుగుపందెమా?" అని రెడ్డెమ్మను అడిగింది.

అల్లాబకష్ పరుగున వెళ్లి ట్యాంకరు కిందికి వంగాడు. "బయటికి రా పుల్లయ్యన్నా! ఆమె మా ఇంటామె. ఆట సూడను వచ్చింది."

"నమ్మమంటావా? ఓడిపోతాననే భయంతో పిల్చుకొచ్చినావు నువ్వు!"

"నేను ఓడిపోయేదానికి భయపడతానా? పద్నాలుగేండ్ల అనుభవముండాది నాకు. రాప్పా, నీకు పున్నెముంటాది, టైమైపోతాంది!"

ఒక్కొక్కరినే సందుల్లోంచి, బక్కాలా కొట్లోని బియ్యం బస్తాల చాటునుంచి పట్టుకొచ్చేసరికి ఏడూ నలభై. ఆంజి, సిరాజ్ అప్పటికే బస్సెక్కేశారు. వాళ్లకు ఫోను చేస్తే, "ఖైతాన్‌లో చెకింగంట అన్నా, నువ్వు గూడా పారిపో" అని ఆయనకే జాగ్రత్తలు చెప్పి ఫోన్లు ఆపేశారు. ఎర్రమిట్టకు అయిదుగురే మిగిలారు. చిన్నపుల్లయ్య పెద్దమనసు చేసుకుని తన జట్టునూ అయిదుగురికి కుదించాడు.

వచ్చినవాళ్లకు ధైర్యం చెప్పడానికి రెడ్డెమ్మ గట్టిగా అరిచింది. "యాల భయపడతారు? ఆమె పోలీసు కాదు, హెడ్మాస్టరమ్మ!"

ఆ మాట చెప్పకుండా ఉంటే బాగుండేది. పోలీసంటే పారిపోవచ్చు. హెడ్మాస్టరంటే ఏం చేయాలో బడి వదిలి పాతికేళ్లయినా ఒంటికి గుర్తుంటుంది. పదిమంది మగవాళ్లూ చెప్పకుండానే ఎత్తుల వారీగా వరసలో నిలబడ్డారు. ఒకడు గుట్కా మింగేశాడు. ఆ క్రమశిక్షణ చూసి మామాకు ప్రాణం లేచొచ్చింది. ఫైలు రెడ్డెమ్మకు ఇచ్చి, చప్పట్లు కొట్టి, చేతులు పైకి, పక్కకి, కిందికి అంటూ అరబ్బీలో డ్రిల్లు మొదలుపెట్టింది. ఎవరికీ అర్థం కాలేదు. అయినా ఒక్కరూ తప్పు చేయలేదు.

"రెడ్డెమ్మా, ఆపమని చెప్పు తల్లీ!" అన్నాడు అల్లాబకష్, చేతులు పైకెత్తే.

"నువ్వే చెప్పన్నా. నేను పదో తరగతి ఆమె దగ్గర చదవలేదు గానీ, నాకూ భయమే."

డ్రిల్లు అయ్యాక ఆమె గోళ్లు కూడా చూసింది. చిన్నపుల్లయ్య గోళ్లలో గ్రీజు ఉందని తల అడ్డంగా ఊపింది. ఆట మొదలయ్యేసరికి ఎనిమిదీ అయిదు.

అల్లాబకష్ ఆ రోజు ఆడినట్టు ఎన్నడూ ఆడలేదు. నలభై ఆరేళ్ల మనిషి, రోజంతా స్టీరింగు వెనక కూర్చునే మనిషి, నడిగీత దాటి కూతకు వెళ్తే ఒకణ్నో ఇద్దరినో ముట్టుకోకుండా తిరిగి రాలేదు. మోకాలు చీరుకుపోయినా చూసుకోలేదు. వంకపల్లెవాళ్లు మొదట నవ్వారు, తర్వాత నవ్వడం మానేశారు. ఎనిమిదీ ఇరవైరెండుకు పదిహేడు, పదిహేడు. ఎర్రమిట్టకు ఒక్క కూతే మిగిలిందని అస్లాం వేలు చూపించాడు. అవతల చిన్నపుల్లయ్య ఒక్కడే ఉన్నాడు, అదీ కాలు మెలికపడి కుంటుతూ.

మామా అప్పటికి ఆట పట్టేసింది. ఎవరో తెచ్చి వేసిన కుర్చీలోంచి లేచి నిలబడింది. ఇంటి డ్రైవరు ఇంత మొనగాడని ఇన్నేళ్లూ తెలియకపోయినందుకు ఆమెకు తన మీద తనకే కోపం వచ్చినట్టుంది.

అల్లాబకష్ ఊపిరి బిగపట్టి గీత దాటాడు. "కబడ్డీ కబడ్డీ కబడ్డీ..." చిన్నపుల్లయ్య వెనక్కి జరిగాడు. ఇంకో అడుగు. చెయ్యి చాచాడు. వేళ్లు భుజానికి తగిలాయి. ఇక వెనక్కి తిరగడమే, గీత మూడడుగులు. కూతురి పేరు నోటిదాకా వచ్చింది కానీ కూతే కూశాడు. అప్పుడు మామా ఆనందం పట్టలేక, రెండు చేతులూ ఎత్తి, జాబ్రియా మేడ మీంచి కింది గరాజుకు వినిపించే గొంతుతో కేక వేసింది.

"యల్లా, అల్లాబకష్!"

"హాదిర్ మామా!" అన్నాడు అల్లాబకష్.

ఆయన గీతకు అడుగు దూరంలో, తల వంచుకుని, కారు తాళాల కోసం జేబు తడుముకుంటూ నిలబడి ఉన్నాడు.

"కూత తెగింది!" అన్నాడు చిన్నపుల్లయ్య, తనకే నమ్మకం లేని గొంతుతో. అస్లాం విజిలు ఊదాడు. పదిహేడు, పద్దెనిమిది. ఎనిమిదీ ఇరవైఆరుకు ఫలితం డ్రిల్లు మాస్టారికి వెళ్లిపోయింది.

తిరుగుదారిలో మామా రెడ్డెమ్మ చెవిలో ఏదో అడిగింది. రెడ్డెమ్మ అంతా విడమరిచి చెప్పింది. బోర్డు, కూతురు, మూడుసార్ల అబద్ధం, అన్నీ. మామా కిటికీలోంచి చూస్తూ బాధగా ఒక మాటంది.

"ఏమంటాంది?" అన్నాడు అల్లాబకష్.

"ఇన్నేండ్లలో ఎప్పుడు పిల్చినా మూడోసారికి గానీ పలకడే, ఈ పొద్దు ఒక్కసారికే యాల పలికినాడు అంటాంది."

అల్లాబకష్‌కు ఏడుపొచ్చింది. సిగ్నలు దగ్గర ఎవరూ చూడకుండా కళ్లు తుడుచుకున్నాడు. ఇంటి ముందు బండి ఆపేసరికి ఫోను మోగింది. అంజుమ్, వీడియో కాలు. ఎత్తాలా వద్దా అని రెండుసార్లు ఆలోచించి, ఎత్తి, ఆమె నోరు తెరవకముందే చెప్పేశాడు.

"పాపా, నేను నీకు అబద్దం చెప్పినా. మూడుసార్లు గాదు, ఒక్కసారి గూడా గెల్చలే. ఈ పొద్దు గూడా ఓడిపోయినా."

"తెల్సులే నాయనా. అయిదో తరగతిలోనే అమ్మ చెప్పింది."

"మరి నాతో అనలేదే?"

"నువ్వు చెప్పేటప్పుడు బాగుంటాది, అందుకని. అది గాదు, ఇటు సూడు!" ఫోను అటు తిప్పింది. కొత్త వరండా, గోడ మీద బోర్డు, రంగు ఇంకా తడి ఆరలేదు. "మనూరోళ్లు నిన్న పెద్ద రచ్చ చేసినారు. బోర్డు నిండా వంకపల్లె పేర్లే ఉంటే మా పిల్లోళ్లు దినామూ దాని కింద ఎట్ల నడుస్తారని. దాంతో డ్రిల్లు సారు పాత నోటుబుక్కు తీసి, ఓడిపోయిన కెప్టెన్ల పేర్లు గూడా పక్కన రాయించినాడు."

అల్లాబకష్ కళ్లు చికిలించి చూశాడు. ఎడమ వరసలో పదిహేను రకాల పేర్లు. కుడి వరసలో పైనుంచి కిందిదాకా అల్లాబకష్, అల్లాబకష్, అల్లాబకష్.

"వంకపల్లె పిల్లోళ్లు వాళ్ల నాయన పేరు యాడుందో ఎతుక్కుంటాండారు నాయనా. వాళ్లు ఏటికొక కెప్టెన్‌ను మార్చినారు గదా, తలా ఒక తూరే ఉండాది. నీది పదైదు తూర్లు ఉండాది. కొత్త హెడ్మాస్టరు సారు చూసి, ఈ బోర్డు ఈయన ఇచ్చినాడా అని అడిగినాడు!"

ఆమె ముఖంలో గర్వం తప్ప ఇంకేమీ కనబడలేదు. అల్లాబకష్ ఎంత వెతికినా కనబడలేదు. ఆయన నవ్వబోయి, ఏడ్చి, మళ్లీ నవ్వి, ఆ బోర్డును ఇంకోసారి చూపించమన్నాడు. వెనక సీట్లోంచి మామా కూడా మెడ చాచి చూసి, తెలుగు రాకపోయినా ఒకే మాట పదిహేనుసార్లు ఉందని లెక్కపెట్టి, "మాషల్లా" అంది.

బోర్డు ఫోటో మధ్యాహ్నానికల్లా కువైట్‌లోని రెండు ఊళ్లవాళ్ల ఫోన్లకూ చేరింది. సాయంత్రానికి, వచ్చే ఏడాది ఎర్రమిట్టకు కెప్టెన్‌గా ఉంటామని ఏడుగురు పేర్లిచ్చారు. అందులో ఇద్దరు వంకపల్లెవాళ్లు.