భీమమ్మ గేదెకు జ్ఞాపకశక్తి సూదులు

"ఈ జిల్లాలో మతిమరుపు ఉన్న పశువు ఒక్కటి కూడా ఉండకూడదు!" అని మంత్రి మహానంది గారు కడపలో ప్రకటించినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇంత దూరదృష్టి గల నాయకుడి వార్తలు రాసే అదృష్టం ఎంతమంది విలేకరులకు దక్కుతుంది?

ప్రకటనకు కారణం చిన్నదే. మంత్రిగారి కాన్వాయ్‌లో ఒక కారు భీమమ్మ గేదె తలకు తగిలింది. కారు బాగుపడింది. గేదె మాత్రం ఇల్లు మరిచిపోయింది, దూడను మరిచిపోయింది, పాలు చేపడం మరిచిపోయింది. ఆ పాల మీదే బతికే భీమమ్మ పశువుల ఆస్పత్రి వదిలి కదల్లేదు.

"నా ఎనుము నన్ను గుర్తుపడితే సాలు తల్లీ," అంది డాక్టర్ శివజ్యోతితో.

డాక్టరమ్మ కొత్త మందు తెప్పించింది. ఎలుకల మీద పనిచేసిందట. ఇరవై రోజులు సూదులు వేసింది. ఇరవై ఒకటో రోజు గేదె భీమమ్మ చెయ్యి నాకింది. ఆమె దాని మెడ పట్టుకుని ఏడ్చేసింది. నాకూ కళ్లు చెమర్చాయి, ఫొటో కాస్త కదిలింది.

మంత్రిగారు ఊరుకుంటారా? పబ్లిక్ డెమో పెట్టించారు. షామియానా, మైకు, గేదెకు పూలదండ.

"ఇప్పుడేం సేస్తాది డాక్టరమ్మా?"

"ముందు రోజూ యాడికి పోతాండెనో ఆడికే పోతాది సార్."

"ఇడవండప్పా!"

విడిచారు. గేదె తడుముకోకుండా బైపాస్ దాటింది. వెనకే మంత్రిగారు, అధికారులు, కెమెరాలు. అది మంత్రిగారి కొత్త గెస్ట్‌హౌస్ గేటు తోసుకుని, లాన్ తొక్కి, స్విమ్మింగ్ పూల్‌లోకి దిగి, మెడదాకా మునిగి కళ్లు మూసుకుంది.

"ఊరి కుంట ఈడే ఉండె గదా," అన్నారు వెనక ఎవరో. మంత్రిగారు తిరిగి చూశారు. అంతే, ఎవరూ అననే లేదట. నేను ఈత నేర్చుకున్నది ఆ కుంటలోనే. వార్తలో ఆ ముక్క రాయడం మరిచిపోయాను.

"మందు ఫెయిల్," అన్నారు మంత్రిగారు జాలిగా. "పాపం, ఎనుముకు మతి పూర్తిగా పోయిండాది. ఇంగ ఆస్పత్రిలోనే కట్టేయండి."

సాయంత్రానికల్లా ఆస్పత్రి ఆవరణలోనే విచారణ కమిటీ కూర్చుంది. సాక్షి భీమమ్మ.

"ఆ గెస్ట్‌హౌస్ కాడ యాడన్నా కుంట ఉండెనా?" అని అడిగారు కమిటీ పెద్ద. " బాగా ఆలోసించి సెప్పమ్మా. ఎనుము ఇంటికి రావాల గదా."

భీమమ్మ గేదె వంక చూసింది. పలుపు రెండు చేతులా పట్టుకుంది.

"నాకు గ్యాపకం లేదు సామీ."

"శానా మంచిది. తోలుకపో."

డాక్టరమ్మ ప్రతిభను గుర్తించి, పశువులు లేని సెక్షన్‌కు బదిలీ చేశారు.

గేదె ఇప్పుడు ఇంటి దగ్గరే ఉంది. పాలు బాగా ఇస్తోంది. ఎండ ఎక్కగానే మాత్రం బైపాస్ వైపు తిరిగి పలుపు గుంజుతుంది. భీమమ్మ దాని నుదురు నిమురుతూ కూర్చుంటుంది.

"మర్సిపోమ్మా," అంటుంది. "మర్సిపో."